కుజుడింట్లో మా అక్క అండా

"మంటా! మంటా!" అని మా అక్క కమలాంబ కింది ఇంట్లోంచి కేక పెట్టేసరికి నేను మేడమీద స్నానానికి నీళ్ళు నింపుకుంటున్నాను. ఆదివారం పొద్దున పదకొండూ పది. నిండు బకెట్టు పట్టుకుని, మెట్లన్నీ మూడంగల్లో దిగి, పొగ ఎక్కడుందో చూడకుండానే హాల్లో నీళ్ళు కుమ్మరించాను. అవి మా బావ కోదండరాం నెత్తిన పడ్డాయి. ఆయనకు టీవీకి అడ్డంగా కూర్చునే అలవాటు ఉండబట్టి టీవీ బతికింది.

"మంటేడరా, మతిలేనోడా! మన అండా, మన అండా అంటాండా నేను!" అంది అక్క, టీవీ వైపు వేలు చూపిస్తూ.

అక్క తొందరకు 'మన అండా' కాస్తా 'మంటా' అయింది, బావకు తలంటు అయింది. అండా అంటే ముప్ఫైమందికి పాయసం కాగే ఇత్తడి పాత్ర. మా అమ్మ గూడూరులో కొని, అక్క పేరు చుక్కల అక్షరాలతో చెక్కించి, కాపరానికి వచ్చేటప్పుడు వెంట పంపింది. ఆ అండా ఇప్పుడు టీవీలో రెండు కాళ్ళేసుకుని నడుస్తోంది.

ఇక్కడ ఆ సీరియల్ సంగతి చెప్పాలి. మద్రాసును ఇంకా మద్రాసనే పిలుస్తున్న ఆఖరి రోజులవి. ప్రతి ఆదివారం పదకొండింటికి అరవంలో 'సెవ్వాయ్ మాప్పిళ్ళై' అని వచ్చేది. మన మాటలో కుజుడింటి అల్లుడు. కుజగ్రహం నుంచి ఒక కుర్రాడు దిగివచ్చి మైలాపూరు పిల్లను చేసుకుంటాడు. వాడికొక ఇనపనౌకరు, పేరు అణుసామి. వాషర్‌మెన్‌పేట్‌లో మా వీధి మొత్తానికీ పెద్ద కలర్ టీవీ మా అక్కదే కాబట్టి, ఆ అరగంటా మా హాల్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

చూసేవాళ్ళకు తలా ఒక సందేహం. "కుజుడి మీద అంత చలి అంటారే, వీడికి ఈడ చెమట పట్టదే?" అని బావ. "వీడు కోవెలకి పోతాడా, చర్చికి వస్తాడా?" అని పక్కింటి లూర్దుమేరి. మా మేనల్లుడు సతీష్‌కు వాళ్ళ వ్యోమనౌక అడుగున కుక్కర్ విజిల్ కనిపించిందట. అక్క అనుమానం అన్నిటికంటే పెద్దది.

"కుజుడి నుంచి వచ్చినోడికి కుజదోషం ఉంటుందా, ఉండదా? ఆ పిల్ల అమ్మ జాతకం చూపించకుండా ఎట్ల చేసిందీ పెండ్లి?"

"అక్కా, వాడు గ్రహం నుంచి వచ్చాడు, నువ్వే గ్రహించుకోవాల," అన్నాను నేను.

"నువ్వు నోరు మూసుకో. అది అనుగ్రహం," అంది అక్క. మా వంశంలో ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు.

మొదటి నాలుగు వారాలూ అణుసామి ఒళ్ళు అట్టపెట్టెలతో చేశారు. అట్ట చెమటకు నానిపోయిందో ఏమో, ఐదోవారం వాడికి కొత్త తల పెట్టారు. బోర్లించిన ఇత్తడి అండా, దానికి రెండు ఎర్ర బల్బులు. అది మోచేతుల దాకా దిగిపోయేసరికి పాపం లోపలున్నవాడికి దారి కనబడేది కాదు. కనపడ్డ గోడకల్లా గుద్దుకునేవాడు. హాలంతా పడీపడీ నవ్వింది, మా అక్క తప్ప.

"ఆ ఎడంపక్క నొక్కు చూడరా. నేను కాపరానికి వచ్చిన దినం రైల్లోంచి దించతా పడేసినారే, ఆ నొక్కు. అంచు దగ్గర రాత కూడా ఉండాది."

"అది కుజుడి భాష కమలాక్కా," అంది లూర్దుమేరి.

"కుజుడి భాషా కాదు, బుధుడి భాషా కాదు. నా పేరు అది!"

ఆ మాట అంటూ అక్క తల తిప్పింది. అందరి తలలూ తిరిగాయి. తలుపు దగ్గర కాఫీ గ్లాసుల పళ్ళెంతో నిలబడి ఉన్న పిల్ల రంజిత, అక్క కోడలు. సతీష్‌ను చేసుకుని పది నెలలైంది. సామాన్ల గది తాళంచెవి ఆ పిల్ల దగ్గరే ఉంటుంది.

"రంజితా, మన అండా యాడ ఉండాది?"

"అటక మీదే కదా అత్తా."

సతీష్ అటకెక్కి, పాత చీర చుట్టిన అండాను దించాడు. ఇత్తడిదే, సైజూ అదే. అక్క చీర విప్పి, చుట్టూ తిప్పి చూసింది. నొక్కు లేదు, పేరూ లేదు.

"మూడు నెలల ముందర పాత సామాన్లోడికి ఏమేమో వేసి రెండు ప్లాస్టిక్ తొట్లు తీసుకున్నావే, ఆ పొద్దు ఏమేమి వేసినావు?"

"వంగిపోయిన అల్యూమినియం గిన్నెలు అత్తా. మీకు చూపించే వేసినా."

"పేరుండే అండాని వాడికి వేసి, పేరు లేనిది తెచ్చి అటకన పెట్టినావు."

రంజిత పళ్ళెం కింద పెట్టింది. కళ్ళలో నీళ్ళొస్తాయనుకున్నాను, రాలేదు.

"నేనేదీ అమ్మలా అత్తా. ఆ రాత మీ పేరేనని మీరు చదివినారా? బొమ్మ అట్ల పోయి ఇట్ల పోయింది. వచ్చే వారం చదవండి. మీ పేరు కాకపోతే ఇంతమంది ముందర మీరే చెప్పాల."

"నా పేరే అయితే?"

"అయితే అది ఆడికి ఎట్ల పోయిందో నేనే కనుక్కుంటా," అని, తాళంచెవి తీసి అక్క చేతిలో పెట్టేసింది. అక్క తీసుకుని కొంగున కట్టుకుంది. తాళంచెవి పోయినా తాళుకునే పిల్ల అని మనసులో అనుకున్నాను. పైకి అనలేదు. నేను పైకి అననివి ఏడాదికి రెండో మూడో ఉంటాయి.

ఆ వారమంతా మా వీధికి వేరే పని లేదు. జార్జి టౌన్‌లో బావ కాగితాల కొట్టుకు వచ్చినవాళ్ళు కాగితం ధర అడగడం మాని అండా సంగతి అడిగారట. అమ్మిందంటే నమ్మేవాళ్ళు సగం, నమ్మనివాళ్ళు సగం. రంజిత మాత్రం పొద్దున్నే లేచి, వంట చేసి, ఎవరితోనూ ఒక మాట ఎక్కువ మాట్లాడకుండా తిరిగింది. అక్క అడగందే సామాన్ల గది వైపు చూడను కూడా చూడలేదు.

చదవడంలో చిక్కొకటి ఉంది. అండాను బోర్లించారు కాబట్టి అక్షరాలు తలకిందులు. అణుసామి ఒక్క చోట నిలబడే రకం కాదు. "టీవీని తిరగేద్దాం," అన్నాడు సతీష్. "నిన్నే తిరగేస్తా," అన్నాడు బావ. చివరికి ఉపాయం రంజితే చెప్పింది. తలలు టీవీ వైపు, కాళ్ళు వాకిలి వైపు పెట్టి వెల్లకిలా పడుకుని చూస్తే అక్షరాలు తిన్నగా కనిపిస్తాయి.

ఆరో ఆదివారం మా హాలును మీరు చూసుండాలి. చాపల మీద పదిహేనుమంది, శవాసనం క్లాసులాగా. వాకిట్లోకి వచ్చిన పాలమనిషి కన్నియమ్మ మొదట జడిసి, తరవాత కారణం అడక్కుండానే తనూ పడుకుంది. టీవీలో మైలాపూరు మామగారు తలకిందులుగా అల్లుణ్ణి తిడుతున్నాడు. అణుసామి వచ్చాడు, గోడకు గుద్దుకున్నాడు, గుద్దుకుని ఈసారి పుణ్యానికి కాసేపు అక్కడే నిలబడ్డాడు.

"క," అన్నాడు బావ.

"మ," అన్నాను నేను.

"లాంబ," అంది అక్క, ఇంకెవరికీ అవకాశం ఇవ్వకుండా.

అందరూ లేచి కూర్చున్నారు. కొందరు రంజిత ముఖం చూశారు, కొందరు చూడకుండా ఉండటానికి పైన ఫ్యాన్ చూశారు. మా అక్క నోరు పెద్దదే గానీ ఆ క్షణాన కొంగుముడి తడుముకుంటూ కూర్చుంది. గెలిచినందుకు సంతోషం లేని గెలుపు అది. సతీష్ ఏదో అనబోయాడు, రంజిత చెయ్యెత్తి ఆపింది. ఆ పిల్ల ఒక్కతే ఇంకా పడుకుని, మెడ తిప్పి టీవీ చూస్తోంది. కథ అయిపోయి పేర్లు నడుస్తున్నాయి. ఆ పేర్లు మా హాల్లో ఎవరూ ఏనాడూ చదవలేదు. అప్పటికి అందరికీ ఆకలవుతుంది.

"మామా," అంది నన్ను, గబుక్కున లేస్తూ. "ఆడ చూడండి, పాత్రల సాయం అని కాటయ్య పేరు వేసినారు. మా పెండ్లికి సామాను బాడుగకి ఇచ్చినాయనే కదా?"

"పాత్రలకి సాయం చేసేవాడికి కూడా సీరియల్లో పాత్ర ఇచ్చారా!" అన్నాను. ఎవరూ నవ్వలేదు. రంజిత అటక అండాను ఎత్తి అప్పటికే సతీష్ చేతుల్లో పెట్టింది.

కాటయ్య అంగడి రెండు వీధుల అవతల. అక్క, బావ, నేను, సతీష్, రంజిత, వెనకాల లూర్దుమేరి. అండాతో ఊరేగింపులాగా వెళ్ళాం. కాటయ్య గరిటెలు తోముకుంటూ ఉన్నాడు.

"టీవీ వాళ్ళా? నెల ముందర వచ్చినారు. నేను కొత్తది ఇస్తానంటే వద్దన్నారు. ఒకదాని మీద ఏందో గిలికినట్టు రాత ఉండాది, అదే కావాలన్నారు. వాళ్ళకి అర్థం కాని రాతంట, కుజుడి అక్షరాల మాదిరి ఉండాదంట."

"అది తెలుగయ్యా! నా పేరు!" అంది అక్క.

కాటయ్య గరిటె కింద పెట్టాడు. "తెలుగా? నాకు మాట్లాడను వస్తాది గానీ చదవను రాదమ్మా. మా తాత కాలం నుంచీ అంతే. ఎవురో పిల్లోళ్ళు మేకుతో కొట్టినారనుకున్నా."

రంజిత అటక అండాను ఆయన ముందు బోర్లించింది. "ఇది చూడండి అన్నా. ఇది మీదా?"

కాటయ్య అడుగున వేలితో తడిమాడు. మసి కింద మూడు గుంటలు, ఉలితో కొట్టినవి. "నాదే! నా సామాను అన్నిటికీ అడుగున మూడు గుంటలుంటాయి. ఇది మీ ఇంటికి ఎట్ల వచ్చింది?"

"పెండ్లి పొద్దు," అంది అక్క నెమ్మదిగా. "తీపి మటుకు ఇంటి పాత్రలోనే కాచాలని నా అండా కూడా మండపానికి తీసుకపోయినా. అన్నీ ఒకే చోట తోమి బోర్లించినారు." అంతవరకూ చెప్పి ఆగింది. "మీ సామాను తిరిగి ఎవురు తెచ్చిచ్చినారయ్యా?"

కాటయ్య ఆలోచించలేదు. వేలు సూటిగా నా బొడ్డు మీదికి చూపించాడు.

"ఈ సారే. బండి మీద నిలబడి, ఒక్కో అండాకీ ఒక్కో జోకు. నవ్వలేక కడుపు నొప్పి పుట్టింది నాకు. పదకొండు ఇచ్చినా, పదకొండు వచ్చినాయి. ఏది ఎవురిదని ఎవురు చూసినారు?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. బండిలో పది అండాలున్నాయి. ఒకటి తక్కువైంది. మండపం మూలన గోడవైపు పేరు తిప్పి బోర్లించి ఉన్న అండాను నేనే ఎత్తి బండిలో వేశాను. 'అండాలకు అండ నేనే, ఇక బ్రహ్మాండం' అన్నాను. కాటయ్య అసలు అండా గంట తరవాత వంటవాళ్ళ పొయ్యి దగ్గర దొరికితే, మనదేననుకుని దాన్ని ఇంటికి పంపించేశారు.

ఇంటి గడపలో అక్క కొంగుముడి విప్పి, తాళంచెవి రంజిత వైపు చాపింది. "తప్పు నాదే, తల్లీ. తీసుకో."

రంజిత చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఈడ వద్దత్తా. పదిమంది ముందర తీసుకున్నారు."

అక్క కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. కోడలి ముఖం కాసేపు చూసి, తల ఊపింది. "ఆమా. అదీ న్యాయమే."

ఏడో ఆదివారం పదకొండుకు ముందే హాలు నిండింది. అండా సీరియల్ పూర్తయ్యేదాకా అణుసామి తల మీదే ఉంటుందనీ, అయిపోగానే మనింటికి వస్తుందనీ కాటయ్య మాటిచ్చాడు. కుజుడి తల అంచుమీద తన పేరు చూసుకోవడం అక్కకూ కొంచెం నచ్చినట్టే ఉంది. అయినా ఆ రోజు ఆమె టీవీ పెట్టనివ్వలేదు. రంజితను పిలిచి అందరి ఎదుటా తాళంచెవి చేతిలో పెట్టి, "ఇది నా కోడలిది. నేను లేనిపోని మాట అన్నా," అంది. అని నావైపు తిరిగింది.

"ఇప్పుడు నువ్వు లే. ఏం జరిగిందో చెప్పు. జోకులు లేకుండా చెప్పు."

పదిహేనుమంది నన్ను చూస్తున్నారు. నేను మైకు లేకుండా పెళ్ళి మండపాలను అదరగొట్టినవాణ్ణి. నోట్లోకి మూడు జోకులు వచ్చాయి, మూడూ మింగాను.

"పెళ్ళిలో మా అక్క అండాను బాడుగ అండా అనుకుని కాటయ్యకు పంపింది నేను. అటక మీదున్నది కాటయ్యది. రంజిత ఏదీ అమ్మలేదు. అందరూ ఆ పిల్లను అనుమానిస్తుంటే నాకు గుర్తు రాలేదు."

నా గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది. లూర్దుమేరి మెడ సాచి చూస్తోంది. గుమ్మం దగ్గర కన్నియమ్మ చెవి పక్కన చెయ్యి పెట్టుకుంది.

రంజిత నన్ను చూసి, నవ్వీ నవ్వనట్టు అంది:

"వెనకుండేవాళ్ళకి వినపళ్ళేదంట మామా. ఇంగొకసారి చెప్పండి."