హెండ్రిక్ తిన్న మూడు పళ్ళేలు

"రేపు సర్వే చేయడానికి వస్తున్నారత్తా!" అని నేను అరిస్తే, క్రెసెన్సియా అత్త చెవికి అది "సర్వం ఇవ్వడానికి" అని వినబడింది. సర్వం తుఫానే పట్టుకుపోయిందనీ, ఎవరింట్లో తిండి లేదో చూసి బియ్యం జాబితా రాసుకోవడానికి ఒకాయన వస్తున్నాడనీ మళ్ళీ అరిచాను.

"ఎందుకొస్తేనేం? ఇంటికొచ్చినవాణ్ణి ఉత్త కడుపుతో పంపుతామట్రా టిబోయ్?" అంటూ ఆవిడ పొయ్యి రాజేసింది.

వచ్చినాయన పేరు హెండ్రిక్, హాలండు మనిషి. మా సామార్ దీవి రేవుకి దుబాసీని నేనే. ఓడలో వంటచేస్తూ నేర్చిన ఇంగ్లీషు కాబట్టి కాస్త ఉప్పెక్కువ. అత్త మా ఇద్దరికీ అన్నం, ఎండుచేప, కొబ్బరిపాలు పోసిన చేమాకు కూర పెట్టింది. తడిక వెనక ఆవిడ మనవరాలు లుమెన్, నాలుగేళ్ళది, జ్వరం ఒంటితో లేచి, మిగిలేదాని కోసం కూర్చుంది.

హెండ్రిక్ పళ్ళేన్ని అద్దంలా తుడిచేశాడు. మాలో పళ్ళెం ఖాళీ అయిందంటే ఇంకా ఆకలి ఉన్నట్టు. కడుపు నిండినవాడు నాలుగు మెతుకులు వదులుతాడు. నేను వదిలాను. అత్త ఆయనకి మళ్ళీ వడ్డించింది. ఆయన మళ్ళీ తుడిచాడు.

"ఇంకాస్త తిను బాబూ, మొహమాటపడకు."

మూడోసారి ఆయన నుదుట చెమట పట్టింది. అత్త గరిటె కుండ అడుగు గీకింది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. నిజంగా నిండింది ఆయన పొట్టొక్కటే.

"కొంచెం వదిలెయ్యండి" అని ఇంగ్లీషులో ఒక్క ముక్క ఆయన చెవిన వేస్తే సరిపోయేది. కానీ అది అత్తింట్లో అన్నం లేదని చాటడమే. తడిక వెనక పిల్లకు నోరూరింది. ఎన్నడూ ఊరుకోని నా నోరు ఆరోజే ఊరుకుంది.

పదిహేను రోజులకు బియ్యం పడవ వచ్చింది. జాబితాలో అత్త పేరు లేదు. ఇరుగుపొరుగు తలా పిడికెడు పోశాం. ఆ పిడికెళ్ళు జ్వరం పీల్చిన ఒంటికి చాలలేదు. నెల తిరక్కుండానే లుమెన్‌ను మట్టిలో పెట్టాం.

రెండో పడవలో హెండ్రికే దిగాడు. రేవంతా చుట్టుముట్టింది. అత్త పేరెందుకు రాయలేదని అడిగాను. అప్పుడు నా ఇంగ్లీషులో ఉన్నది ఉప్పునీళ్ళే.

"మూడుసార్లు వడ్డించారుగా! తిండికి లోటు లేదనుకున్నాను."

"మరి అంత ఎందుకు తిన్నారు?"

"పెట్టింది వదిలితే వండినవాళ్ళను అవమానించినట్టని మా అమ్మ నేర్పింది. గొంతు దిగకపోయినా మింగాను."

అది అందరికీ మావాళ్ళ మాటలో చెప్పాను. మా పద్ధతేమిటో ఆయనకు చెప్పాను. ఆయన ఇసుకలో కూలబడిపోయాడు.

అత్త నా చొక్కా పట్టి లాగింది. "ఆరోజు నువ్వు వదలమంటే వదిలేవాడా, అడగరా."

అడిగాను. వదిలేవాణ్ణేనన్నాడు.

అత్తకు చెవుడు కదా, రేవంతా వినేలా అరిచి చెప్పాను.