ఎర్రగుడ్డకు లేవని సింహాలు

రెండు రోజులుగా మా ఆవులకు చుక్క నీరు లేదు. వాగుకు పోయే దారిలో తుమ్మచెట్టు కింద మూడు ఆడసింహాలు నిన్నటి నుంచీ పడుకునే ఉన్నాయి. తోక కూడా కదపడం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సోమరిపోతులు," అన్నాను. "పద అన్నా. మన ఒంటి మీది ఎర్రగుడ్డ చూస్తే అవే లేచి పోతాయి."

మా మసాయి తెగవాడు ఎవడైనా ఇదే అంటాడు. మా తాతలు బల్లేలతో పొడిచి పొడిచి వాటికి ఆ భయం నేర్పారు.

అన్న మెయితమెయి కదల్లేదు. "పొట్టలు చూడరా సిరోంకా. వీపుకి అంటుకుపోయాయి. తిన్నదైతే వెల్లకిలా పడుకునేది. ఇవి ఐదుసార్లు ఉరికితే ఒక్కసారి వేట దొరుకుద్ది. ఆ ఒక్క ఉరుకు కోసం సత్తువ దాచుకుంటన్నాయి. పై రేవుకి పోదాం."

"పై రేవు పూట నడక. సగం ఆవులు దారిలోనే చస్తాయి. పెళ్ళయ్యాక నీకు గుండె జారిపోయింది. పోయి ఆడాళ్ళతో కూర్చుని పాలు పితుక్కో."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్న బల్లెం తీసుకుని నాకన్నా ముందు నడిచాడు.

ఇరవై అడుగుల దాకా వెళ్ళినా అవి లేవలేదు. నడిమిది లేవడం నేను చూడనే లేదు, అన్న మీద ఉండడమే చూశాను. ఒక్క పంజాతో పొట్ట చీల్చింది. తొడ కరిచి ఎముక పటుక్కున విరిచింది. దాని డొక్కలో బల్లెం దించాను. బల్లెంతో సహా తిరిగి నా భుజం చీరింది. కత్తి దూసి మెడ మీద నరికాను. అది చచ్చాక కూడా నరుకుతూనే ఉన్నాను. నా నోటినిండా దాని నెత్తురే.

మా వెనకున్న ఆవులు బెదిరి వాగుకేసి పరుగెత్తాయి. మిగతా రెండు సింహాలూ పడుకునే ఉన్నాయి.

అన్న పేగులను అరచేత్తో లోపలికి నొక్కి, తల ఒళ్ళో పెట్టుకున్నాను. "ఇంటికి మోసుకుపోతా."

"నన్నెత్తితే బల్లెం ఎవడు పడతాడు? కూర్చో. నాలో ఊపిరున్నంతసేపూ అవి లేవవు. ఇద్దరితో కొట్లాడి సత్తువ పాడుచేసుకోవు."

తిట్టాను. రాళ్ళు విసిరాను. అవి తల కూడా ఎత్తలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆవులు నీళ్ళు తాగాయని చెప్పాను. నువ్వన్నదే నిజమని, నేనన్న మాటకు నాలుక కోసుకుంటానని చెప్పాను. అన్న కళ్ళు తెరిచే ఉన్నాయి. వింటున్నాడనుకున్నాను.

అప్పుడు ఆ రెండూ లేచాయి.