వెనక తలుపు

"ప్లాన్లోంచి నీ వెనక తలుపులు తీసేస్తున్నాను," అన్నాడు భర్త. ఆమె అప్పుడు ఉల్లిపాయలు తరుగుతోంది. కళ్ళనీళ్ళకు వేరే కారణం చెప్పుకోవలసిన పని లేకపోయింది.

"ఎందుకు?"

"ఎందుకేమిటి? అగ్గిపెట్టెలంత ఇళ్ళు. ప్రతిదానికీ ముందొకటీ వెనకొకటీనా? ఆ వెనక సందు ఎత్తేస్తే అంత మేరా కార్లు పెట్టుకోవచ్చు. రేపు మీటింగులో ఎవరైనా అడిగితే ఏం చెప్పను? మా ఆవిడ ముచ్చటపడిందని చెప్పనా?"

ఇద్దరూ ఆర్కిటెక్టులే. ఒకే కాలేజీ, ఒకే క్లాసు. మార్కులు ఆమెకే ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పి మురిసిపోయేవాడు, ఇప్పుడెవరైనా గుర్తు చేస్తే మాట మార్చేస్తాడు. ఆఫీసు ఇద్దరిదీ, బోర్డు మీద పేరు మాత్రం ఆయనది. "రెండు పేర్లెందుకు, మనమిద్దరం వేరా?" అన్నాడు. ఆ మాటకు ఆమె అప్పట్లో కరిగిపోయింది కూడా, పిచ్చిది.

ఇప్పుడు చేతిలో ఉన్న పని పాత మిల్లు కార్మికుల పేట. మిల్లు మూతపడింది, ఊరు పెరిగింది, చుట్టూ మేడలు లేచాయి. మధ్యలో ఈ పేట మాత్రం కారే కప్పులతో, పొంగే మురుగుకాలవలతో అలాగే మిగిలిపోయింది. దాన్ని పడగొట్టి, ఉన్నవాళ్ళకే కొత్త ఇళ్ళూ, ఒక బడీ, ఒక బజారూ, నడవడానికి నీడ ఉన్న వీధులూ కట్టాలని మునిసిపాలిటీ తలపెట్టింది. ఇంజనీర్లతో, అధికారులతో మాట్లాడే పని ఆయన తీసుకున్నాడు. పేటలో ఆడవాళ్ళతో మాట్లాడే పని ఆమెకు వదిలాడు. "నువ్వయితే కలిసిపోతావు," అన్నాడు. కలిసిపోవడమనే పనికి జీతం ఏ ఆఫీసులోనూ లేదు.

ఆమె నిజంగానే కలిసిపోయింది. పేట మ్యాపును పెద్ద కాగితం మీద గీసి నేల మీద పరిచి, ప్రతి ఆడమనిషి చేతిలో గుప్పెడు చిక్కుడుగింజలు పోసి, "రోజులో మీరు ఎక్కడెక్కడ ఎక్కువసేపు ఉంటారో అక్కడ పెట్టండి," అంది. ఆ పార్కు అవసరమనీ ఈ చౌరస్తా అవసరమనీ ఆఫీసులో కూర్చుని తామనుకున్న చోట్లన్నీ ఖాళీగా ఉండిపోయాయి. గింజలన్నీ వెళ్ళి ఇళ్ళ వెనక సందులో పోగుపడ్డాయి. ఎందుకంటే బట్టలారేసుకోడానికన్నారు, పిల్లలాడుకోడానికన్నారు, గిన్నెలు తోముకోడానికన్నారు. నిజం చెప్పింది ఒక్క కత్తెరక్క. బట్టలు కుట్టి బతుకుతుందని పేటంతా ఆవిడను అలాగే పిలుస్తుంది.

"బట్టలారేసుకోడానికి డాబా ఎక్కినా చాలు చెల్లెమ్మా," అంది కత్తెరక్క, అందరూ వెళ్ళాక. "ఆ తలుపు అందుకు కాదు. మా ఆయన తాగి తూలుకుంటూ ముందు గుమ్మంలో అడుగు పెడతాడు. నేను వెనక నుంచి పక్కింట్లోకి జారుకుంటాను. తెల్లారితే ఆయనకేం గుర్తుండదు. ఈ వరసలో సగం కాపురాలు అట్లాగే నడుస్తున్నాయి. మగాళ్ళకి తెలీదు, బట్టలు తియ్యడానికి పోయామనుకుంటారు. ఈ మాట నీ కడుపులో పెట్టుకో."

కడుపులో పెట్టుకోవాలనే అనుకుంది. కానీ ఇప్పుడు తలుపులు పోతున్నాయి. కారణం చెబితే ఆగుతాయి. చెప్పకపోతే అంతా కాగితం మీదే చెరిగిపోతుంది. అయినా మొగుడి దగ్గర దాపరికమేమిటి? కత్తిపీట పక్కకు జరిపి చెప్పేసింది. పేరు చెప్పలేదు, సంగతి చెప్పింది.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "అబ్బ! ఇంత కథ ఉందా!" అన్నాడు. ఆ మెచ్చుకోలు విని ఎన్నాళ్ళయిందో, ఆమెకు ప్రాణం లేచొచ్చింది. హాల్లోంచి అత్తగారు, "ఊళ్ళోవాళ్ళ తలుపులు తరవాత చూసుకోవచ్చు, ముందు ఆ పొయ్యి మీద మాడుతున్నదేదో చూడు," అంది.

మర్నాడు మీటింగు పేటలోని హాల్లో. సాయంత్రం, సరిగ్గా వంటల వేళ. అప్పుడు ఆడవాళ్ళు ఎలా వస్తారని టైము పెట్టినవాళ్ళకు తట్టలేదు, తట్టినా వాళ్ళకు వచ్చే నష్టమేమీ లేదు. కుర్చీల నిండా మగవాళ్ళే. వేదిక మీద మునిసిపల్ కమిటీ అధ్యక్షుడు. భర్త మాట్లాడుతుంటే తెర మీద బొమ్మలు మార్చడం ఆమె పని.

చెట్లు చూపించాడు, బడి చూపించాడు, చప్పట్లు పడ్డాయి. ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎవరో లేచి, పాత ఇళ్ళకి వెనక తలుపుంది కదా, కొత్తవాటికేది అని అడిగారు. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు తెలుసు. స్నేహితుల మధ్య ఆమె వంట గురించి చెప్పబోయే ముందు వచ్చే నవ్వు.

"ఆ తలుపెందుకో మీకు తెలుసా? మా ఆవిడ నెలలపాటు తిరిగి కనిపెట్టింది. మీరు కాస్త పుచ్చుకుని ముందు గుమ్మంలోకి వస్తే, మీ ఆవిడలు వెనకనుంచి జారుకోడానికట!" హాలు గొల్లుమంది. "కొత్తింట్లో ఒకటే తలుపు. ఇంక ఎక్కడికీ పోలేరు. ఇళ్ళు కట్టడంతో పాటు కాపురాలు నిలబెట్టే బాధ్యత కూడా మేమే తీసుకున్నాం!"

అధ్యక్షుడు కూడా కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. కత్తెరక్క మొగుడు ముందు వరసలోనే ఉన్నాడు. అందరితో పాటు నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాడు. ఏవో రాత్రుల లెక్కలు కలుస్తున్నట్టుగా నుదురు ముడిపడింది. తరవాతి బొమ్మ వెయ్యమని భర్త వేలితో సైగ చేశాడు. వేసింది.

కార్లో ఆయన ఈల వేశాడు. "మొహం అలా మాడ్చుకోకు. ఏదో నవ్వించాను. ఆ నవ్వుతోనే కదా మొత్తం పాసయింది? నీ చెట్లూ నీ బెంచీలూ ఒక్కటి పోలేదు. ఇంక ఒకటే మిగిలింది. ఇంటి లోపలి ప్లాన్లకి ఆడవాళ్ళు ఒప్పుకున్నారని వచ్చే మీటింగులో నీ నోటితో చెప్పాలట. ఓసారి వెళ్ళి నచ్చచెప్పిరా. నువ్వు చెప్తే వింటారు."

ఆమె వెళ్ళింది. ఆ వెనక సందులో ఎప్పుడూ తాడు మీద తడిబట్టలు తప్పించుకుంటూ నడవాలి. ఆరోజు తాళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఒక తలుపుకు రేకు అడ్డంగా కొట్టి ఉంది. ఒకదానికి మంచం పట్టె. ఇంకోదానికి కొత్త తాళం, బయటివైపు. ఎలాగూ పడగొట్టబోయే ఇళ్ళు, కొద్ది నెలల్లో ఆ గోడలే ఉండవు, అయినా మగవాళ్ళు ఓపిగ్గా మేకులు కొట్టుకున్నారు. కత్తెరక్క తలుపుకు అడ్డంగా కొట్టిన చెక్కలను ఆమె గుర్తుపట్టింది. ఆవిడ బట్ట కత్తిరించుకునే బల్లను విరగ్గొట్టిన ముక్కలవి. సుద్దగీతలు ఇంకా చెరగలేదు.

చుట్టు తిరిగి ముందు గుమ్మం తట్టింది. కత్తెరక్క తలుపు ఎడమచేత్తో తీసింది. కుడిచెయ్యి వేళ్ళ నుంచి మోచేతి దాకా పిండికట్టులో ఉంది. లోపలికి రమ్మనలేదు.

"ఎవరికి చెప్పావు?"

"మా ఆయనకి. తలుపు ఉంచుతాడని చెప్పానక్కా."

"మీ ఇంటికెన్ని తలుపులు?"

"ఒకటే."

కత్తెరక్క ఆమెను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది, లేదు. "మరి తెలిసుండీ ఎలా చెప్పావు?" అని తలుపు వేసేసింది.

ఆమె అక్కడే నిలబడిపోయింది. ఏం తెలుసు తనకు? తనది పత్రికల్లో బొమ్మలు పడ్డ ఫ్లాటు. ఆయన డిజైను. గోడలు తక్కువ, వెలుతురు ఎక్కువ. ఆయన తాగడు, చెయ్యెత్తడు. కోపం వస్తే డైనింగు కుర్చీ ఒకటి తెచ్చి వీధి తలుపుకు ఆనించి వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని పేపరు చదువుతాడు. తప్పు తనదేనని ఆమె అనేదాకా లేవడు. "నిన్నేమైనా కొట్టానా? తిట్టానా? కూర్చున్నాను, అంతేగా," అంటాడు. నాన్న ఆసుపత్రిలో ఉన్నారని ఫోనొచ్చిన రోజు కూడా అలాగే కూర్చున్నాడు. ముందురోజు ఎవరి ముందో తన మాటకు ఎదురుచెప్పిందట. ఆమె క్షమించమని అడిగి, సరిగ్గా అడగలేదంటే మళ్ళీ అడిగి, ఆసుపత్రికి చేరేసరికి మంచం మీద దుప్పటి మడత పెడుతున్నారు. ఆ పూటంతా అత్తగారు టీవీ సౌండు పెంచుకుని కూర్చుంది. తరవాత బంధువులతో, "మా వాడు బంగారం, పెళ్ళాం మీద ఇంతవరకు చెయ్యి వెయ్యలేదు," అంది. దానికి ఒక పేరు పెట్టడం ఆమెకు ఇన్నేళ్ళలో చేతకాలేదు. ఊరి ఆడవాళ్ళందరికీ రెండో తలుపు కావాలని మాత్రం తెలిసింది, అది గీస్తున్న చెయ్యి ఎవరి కోసం గీస్తోందో తెలియలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మళ్ళీ అదే హాలు, అవే కుర్చీలు. "రెండే ముక్కలు," అని భర్త చెవిలో చెప్పాడు. "ఒప్పుకున్నారు, థాంక్యూ. అంతే."

ఒప్పుకున్నారంటే తలుపులు శాశ్వతంగా పోతాయి. ఒప్పుకోలేదంటే ఎవతె ఒప్పుకోలేదని ఈ రాత్రి ఇంటింటా విచారణ జరుగుతుంది, ఇంకో చెయ్యి విరుగుతుంది. ఆమె మైకు తీసుకుంది. మగవాళ్ళు అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

"పోయినసారి మీరు విన్నది అబద్ధం," అంది. "ఈ పేటలో ఏ ఆడమనిషీ నాకు అలాంటి మాట చెప్పలేదు. బట్టలారేసుకోడానికి తలుపు అడిగారు, అంతే. రెండో కారణం నేను కల్పించాను. ఎందుకంటే అది నా కారణం. మా ఇంటికి ఒకటే తలుపు. ఈయనకి కోపం వస్తే దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మా నాన్న పోయిన రోజు కూడా కూర్చున్నారు. అందుకే తలుపు గీశాను."

భర్త పెదాల మీద నవ్వు అలాగే అతుక్కుపోయి ఉంది. "ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదు," అన్నాడు అధ్యక్షుడి వైపు తిరిగి, ఎంతో మర్యాదగా. వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు తన మీద పడితే పడనీ అనుకుంది. వాళ్ళ ఇళ్ళలోకి పోకుండా ఇక్కడే అయిపోతే చాలు.

అధ్యక్షుడు ఇబ్బందిగా కదిలాడు. "అది కాదమ్మా, ఇంతకీ ఆడవాళ్ళు ఒప్పుకున్నట్టా, కానట్టా?"

"వాళ్ళనేమీ అడక్కండి. ఒప్పుకోనిది నేను. రెండో తలుపు లేకపోతే ఒప్పుకున్నారన్న మాట నా నోటి నుంచి రాదు."

భర్త లేచి వచ్చి మైకును చేత్తో మూశాడు. "ఇంటికి పద, మాట్లాడుకుందాం."

"మాట్లాడేదేదో వీళ్ళందరి ముందూ మాట్లాడండి," అంది ఆమె. "నేను ఆ ఇంటికి రావడం లేదు."