రాని లాంపు

నా కోడలు రమకు బాయి మీద లాంపు రూంలో డ్యూటీ. బొగ్గుబాయిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి పెట్టుకునే లాంపు ఆమె చేతి మీదుగానే పోవాలి. షిఫ్టు దిగినాక మళ్ళీ ఆమె చేతికే రావాలి. ఎవరి లాంపు రాకపోతే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు.

పోయిన ఏడాది నా కొడుకు రఘుపతి లాంపు అట్లాగే రాలేదు. వెతకబోయినవాళ్ళకు దుంగకు ఆనుకుని కూర్చున్నట్టు కనపడ్డాడట. గుండె ఆగిపోయింది. లాంపు మాత్రం వెలుగుతూనే ఉందన్నారు. వాడు పోయినందుకు రమకు నౌకరీ వచ్చింది. నేను, రమ, మనవరాలు ఉంటున్న ఈ క్వార్టరు కూడా ఆ నౌకరీ ఉన్నన్నాళ్ళే.

మొన్న మొదటి షిఫ్టు దిగినాక ఎల్లేశం లాంపు రాలేదు. రమ షిఫ్టు చూసుకునే సర్దారుకు చెప్పింది. వస్తాడులే అన్నాడతను. ఇంటి దగ్గర పెట్టి పోయే ఎల్లేశం ఫోనుకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఇక రమ ఆగలేదు. అరిచింది, ఆఫీసు తలుపులు కొట్టింది, లోపలికి మనుషులను పంపించేదాకా ఊరుకోలేదు. రెండో షిఫ్టువాళ్ళు పని ఆపి వెతికారు. చివరికి ఎవరో ఇంటికి పోయి చూస్తే ఎల్లేశం మంచంలో గురక పెడుతున్నాడు. లాంపు బెల్టు నడుముకే ఉంది.

డబుల్ డ్యూటీ చేసిన మనిషి. ఏండ్ల తరబడి కట్టుకుంటే ఆ బెల్టు ఒంట్లో కలిసిపోతుంది. తడిమి చూసుకుంటే గానీ ఉన్నట్టు తెలియదు.

బాయి మీద అందరూ నవ్వారు. మొగడు పోయినప్పటి నుంచి ఈమెకు అందరూ చచ్చినట్టే కనపడతారని ఒకడు అన్నాడట. ఆ మాట రమ చెప్పలేదు. పక్క క్వార్టరు ఆగయ్య చెప్పాడు.

రమ వచ్చి, చెప్పులు విడవకుండానే గడప మీద కూర్చుంది.

"రేపటి సంది నేను పోను మామా."

లోపలికి పోయి చాయ పెట్టాను. చక్కెర ఎక్కువైంది. అట్లాగే తాగింది.

"ఒక్క లాంపు ఆలస్యమైతే నా కాళ్ళల్ల జీవం పోతాంది. గిట్ల ఎన్నొద్దులు చెయ్యాలె?"

ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయాను.

పొద్దుగూకే వేళకు ఎల్లేశం, అతని భార్య తిరుమల వచ్చారు. ఎల్లేశం వాకిట్లోనే తల వంచుకుని నిలబడ్డాడు. చేతిలో లాంపు. రమ చేతికే ఇచ్చి రావాలని తిరుమల పట్టుబట్టి తీసుకొచ్చిందట.

"తప్పైంది వదినా," అన్నాడు.

"ఈయనకు నడుముకున్న బెల్టు యాదికుండది. ఇల్లు యాదికున్నది, నయం," అంది తిరుమల. తర్వాత రమ పక్కన గడప మీదే కూర్చుంది. "నవ్వేటోళ్ళను నవ్వనియ్యి అక్కా. రేపు మల్ల ఈయన లాంపు రాకుంటే గిట్లనే లొల్లి పెట్టు. నువ్వు పెట్టకుంటే ఎవలు పెడ్తరు?"

రమ అతని చేతిలోంచి లాంపు తీసుకుని స్విచ్ వేసింది. వెలుతురు పచ్చగా, గుడ్డిగా పడింది. ఆర్పేసి, అద్దం మీది మసి కొంగుతో తుడిచింది.

"చార్జింగు దిగింది. పొద్దుగాల బాయి మీదికి పోంగనే పెట్టాలె."

ఎల్లేశం నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

తెల్లారి రమ ఆ లాంపు సంచిలో పెట్టుకుని డ్యూటీకి పోయింది. ముఖం చూస్తే రాత్రి నిద్రపోయినట్టు లేదు. మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళ, మూడు దాటింది. నేను గడప మీద కూర్చున్నాను. ఇంటికి పోయేవాళ్ళంతా పోయారు. ఆ తర్వాత చాలాసేపటికి వచ్చింది.

"ఎవలిదన్న రాలేదా బిడ్డా?"

"అన్ని వచ్చినయి మామా. ఆఖరుది వచ్చేదాంక కూసున్న."

"కాళ్ళు?"

"వణుకుతనే ఉన్నయి," అని చెప్పులు విడిచి లోపలికి పోయింది.