ఇరవై నాలుగు అంగుళాలు

లాజరుకి యాభై నిండకుండానే నడుం వంగింది. పాతికేళ్ళుగా పెళ్ళిపందిళ్ళలో గిటారు వాయించీ, అంతకంటే ఎక్కువగా ఆ గిటారు తాలూకు యాంప్లిఫయరుని బస్సు టాపు మీదకీ చించినాడ దగ్గర గోదారి దాటించే పంటు మీదకీ ఎక్కించీ దించీ వంగిన నడుం అది. తొంభై ఆరు తుఫానుకి రాజోలులో వాళ్ళింట్లో మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. యాంప్లిఫయరు లోపలి సామాను ఎలాగో బతికింది గాని, దాని ప్లైవుడ్డు పెట్టె నానిన అట్టలా పొరలు పొరలుగా ఊడిపోయింది. ఏడాదిన్నరగా వాళ్ళదీ వీళ్ళదీ అడిగి తెచ్చుకుని నెట్టుకొస్తున్నాడు. ఈమధ్య ఆర్కెస్ట్రా నడిపే గణేష్‌బాబు మొహమాటం లేకుండా చెప్పేశాడు. కీబోర్డులోనే గిటారు కూడా పలుకుతోందట, సొంత పెట్టెతో వస్తే రమ్మన్నాడు, లేకపోతే మానెయ్యమన్నాడు. ఆదివారం పాలకొల్లులో పెళ్ళి. అప్పటికి పెట్టె తయారు కాకపోతే లాజరుకి ఇక ఆర్కెస్ట్రా లేదు.

చెక్క మాత్రం ఉంది. అదే తుఫానుకి పెరట్లో కూలిన పనస చెట్టుని పలకలుగా కోయించి వసారాలో ఆరబెట్టాడు. చీలిపోయినవి పోగా సరిగ్గా ఒక్క పెట్టెకి సరిపడా మిగిలాయి. వీణలు చేసే కర్ర, వంక పెట్టడానికి లేదు.

చేసేవాడూ ఉన్నాడు. అయిదో తరగతి నుంచీ స్నేహితుడు, వడ్రంగి వీరవెంకటసత్యనారాయణ. అంత పేరూ పిలిచే ఓపిక ఊళ్ళో ఎవరికీ లేక సత్యం అయ్యాడు. సత్యానికి ఒక పట్టింపు ఉంది. గుమ్మమైనా, మంచమైనా, ఆఖరికి కోళ్ళగూడైనా సరే, ఆయం చూడందే రంపం పట్టడు. పొడవుని వెడల్పుతోనో ఎత్తుతోనో గుణించి ఎనిమిదితో భాగించాలి. బేసి శేషం వస్తే మంచిది, సరి వస్తే చెడ్డది, శేషమే మిగలకపోతే అది కాకాయం, అన్నిటికంటే పాడు. చర్చిలో పాటలకి గిటారు వాయించే లాజరుకి వీటి మీద నమ్మకం లేదు గాని, నలభై ఏళ్ళుగా విని విని కంఠతా వచ్చేసింది.

ఇరవై అయిదు అంగుళాల పొడవు, ఇరవై ఒకటి ఎత్తు అని లాజరు కొలతలు చెప్పాడు. సత్యం నోట్లోనే ఏదో గొణుక్కుని తలూపాడు.

వారం రోజులు మధ్యాహ్నాలన్నీ ఇద్దరూ ఆ పని మీదే ఉన్నారు. లాజరు పలకలు పట్టుకునేవాడు, సత్యం చిత్రిక పట్టేవాడు. పది తోపులకి ఒకసారి ఆగి ఇద్దరూ కూలబడేవారు. సత్యం టేపు పరిచి బొటనవేలి గోటితో గుర్తు నొక్కి, అక్కణ్ణుంచి గీత లాజరునే గియ్యమనేవాడు, అదీ ముదురుగా గియ్యమనేవాడు. తనచేత చాకిరీ చేయిస్తున్నాడని లాజరు విసుక్కునేవాడు. అయినా పని పనే. సత్యం ఒక్క మేకు లేకుండా మూలలు పళ్ళుగా కోసి కలిపాడు. పసుపు రంగు పనస చెక్క మెరుగు పెట్టేసరికి నిగనిగలాడింది.

శనివారం మధ్యాహ్నం యాంప్లిఫయరు సామానంతా బిగించి ఉన్న ఇనుప ట్రే తెచ్చి లోపల పెట్టబోతే పట్టలేదు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. పట్టలేదు. లాజరు కొలిచి చూశాడు. పెట్టె ఇరవై నాలుగే ఉంది.

"ఆయం కుదరలేదురా. అంగుళం తగ్గించాను. చెప్పడం మర్చిపోయాను," అన్నాడు సత్యం, గోడకేసి చూస్తూ.

కోపం రావలసిన మాటే. కానీ కోప్పడ్డానికీ ఓపిక ఉండాలి. వేరే చెక్క లేదు, వేరే రోజూ లేదు. లాజరు చెక్కపొట్టులో చతికిలబడి, చేతికందిన చెక్కముక్క మీద ఊరికే లెక్క వేశాడు. ఇరవై నాలుగు ఇంటూ ఇరవై ఒకటి, అయిదువందల నాలుగు. ఎనిమిదితో భాగిస్తే ఏమీ మిగల్లేదు. కాకాయం. ఇరవై అయిదుతో వేస్తే శేషం అయిదు, మంచి ఆయం. మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే.

తలెత్తి చూశాడు. ఎదురుగా బల్ల మీదే ఉన్న ఉలి కోసం సత్యం చేత్తో తడుముకుంటున్నాడు.

గోటి గుర్తులూ ముదురు గీతలూ ఎందుకో లాజరుకి అప్పుడర్థమైంది. ఈ సంగతి బయటికి పొక్కితే, టేపు మీద అంకె కనపడని వడ్రంగికి ద్వారబంధం అప్పజెప్పేవాడు ఊళ్ళో ఒక్కడూ ఉండడు. మరి రేపటి పెళ్ళి?

"ఆయం చూసుకోవాల్లే. ట్రేనే కొంచెం కోద్దాం," అన్నాడు.

స్క్రూలు బిగించే అంచులు రెండు పక్కలా అరంగుళం చొప్పున కోసెయ్యడానికి లాజరుకి రంపపు బ్లేడుతో రెండు గంటలు పట్టింది. చేతులు బొబ్బలెక్కాయి. నడుం గురించి అనుకోవడమే మానేశాడు. ఇక ట్రే నిలబడ్డానికి అంచులు లేవు. సత్యం టేపు ముట్టుకోకుండా, వేళ్ళతోనే తడిమి చూసుకుని, రెండు పనస బద్దలు చెక్కి లోపల బిగించాడు. ట్రే వాటి మీద కదలకుండా కూర్చుంది.

లాజరు గిటారు తగిలించి ఒక్కసారి మీటాడు. నిండుగా, గుండ్రంగా పలికింది. పాతికేళ్ళలో ఆ గిటారు అంత బాగా పలకడం అతను వినలేదు. సత్యం అరచెయ్యి పెట్టె మీద ఆనించి, మోత ఆగేదాకా తియ్యలేదు.

"ఇరవై నాలుగుకి శేషం ఉండదని నీకు తెలుసు కదూ," అన్నాడు మెల్లిగా.

"నాకు లెక్కలెప్పుడొచ్చాయిరా."

సత్యం టేపు తీసి లాజరు చేతిలో పెట్టాడు.

"షుగరంట. అంకెలన్నీ అలుక్కుపోతున్నాయి. సోమవారం తాటిపాకలో ద్వారబంధం ఒప్పేసుకున్నాను. పక్కన నుంచుని అంకె చదివిపెడతావా?"

రేపు పెళ్ళి అయ్యాక సోమవారమంతా మంచం దిగకూడదని లాజరు వారం నుంచీ అనుకుంటున్నాడు. టేపుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఎన్నింటికి రావాలి?" అని మాత్రం అడిగాడు.