ఖాళీ ముందు మైనస్

నేను ఒక హార్డ్ డిస్కును. చీరాలలో ఒక స్కానింగ్ సెంటర్ కంప్యూటర్లో ఉండేదాన్ని. మనుషుల్ని నేను నమ్మను. నన్ను బిగించేవాడి చెయ్యి ఆ రోజే జారుతుందేమో, కిందపడి చస్తానేమో అని హడలిపోయాను. చెయ్యి జారలేదు. అంతకంటే ఘోరం చేశాడు.

వాడు ఫణీంద్ర, అక్కడి కంప్యూటర్లు చూసేవాడు. పాత స్కాన్లన్నీ నాలోకి ఎక్కించి, ఒక స్క్రిప్టు, అంటే తనంతట తానే నడిచే చిన్న ప్రోగ్రాం, రాసి పెట్టాడు. రోజూ పొద్దున నాలో ఎంత ఖాళీ ఉందో చూడటం, చాలకపోతే పాతవి తుడిచేయడం దాని పని. నా ఖాళీ అంకె పెద్దది, ఒక గడిలో పట్టదు. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని పై ముక్క, కింది ముక్క అని రెండుగా ఇస్తుంది. కింది ముక్క మరీ పెద్దదైతే స్క్రిప్టుకి మైనస్‌గా కనబడుతుంది. సరిచేసి, రెండూ కలపాలి. ఈ మహానుభావుడు ఇంట్లో బుల్లి పెన్‌డ్రైవ్ మీద పరీక్షించాడు. దానికి పై ముక్క ఎప్పుడూ సున్నాయే, కింది ముక్క మైనస్ అయ్యేంత పెరగదు! ఇక స్క్రిప్టులో పై ముక్కను చూడటమూ, మైనస్‌ను సరిచేయడమూ మానేశాడు.

మర్నాడు పొద్దున, సగానికి పైగా ఖాళీగా ఉన్న నన్ను చూసి స్క్రిప్టు మైనస్ అంది. ఖాళీ అసలే లేదనుకుని పాతవి తుడవడం మొదలుపెట్టింది.

స్కాన్లు తీసే ఎస్తేరు తెర చూసి అడిగింది. "ఖాళీకి ముందు మైనస్ ఏంటయ్యా ఫణీంద్రా?"

"అది కంప్యూటర్ లెక్క మేడం. మీరు బొమ్మలు తీసుకోండి చాలు."

అంతలోనే నేత పని చేసే నాగరత్నం వచ్చింది. "మా పాప పాత స్కాను మొత్తం కావాలంటన్నారమ్మా గుంటూరు డాక్టరుగారు. ఫిల్ములో అన్నీ లేవంట. తల్లో గడ్డ పెరిగుంటే ఆపరేషనంట, లేకపోతే మందులేనంట."

ఎస్తేరు వెతికింది. లేదు.

"పోయిందా? పోల్చి చూడకుండానే నా బిడ్డ తల కోసేస్తారా అమ్మా?"

తుడవడమంటే జాబితాలోంచి పేరు కొట్టేయడమే. కొత్త బొమ్మ పైన పడేదాకా పాతది నాలోనే ఉంటుంది. ఆ సంగతి ఎస్తేరుకి తెలుసు. ఫణీంద్ర "మళ్ళీ నడిపి చూపిస్తానుండండి" అంటుండగానే ప్లగ్గు పీకేసింది. నన్ను ఊడదీసి, చీరకొంగులో చుట్టుకుని విజయవాడ పోయే బస్సెక్కింది. ప్రతి గతుకుకీ నా ప్రాణం పోయింది.

అక్కడ చెరిగిన ఫైళ్ళు వెలికితీసే షాపువాళ్ళు పాప బొమ్మలన్నీ బయటికి తీశారు. గుంటూరు డాక్టరు పోల్చి చూస్తే గడ్డ పెరగలేదు. ఆపరేషను తప్పింది.

ఫణీంద్ర రిజిస్టరులో "డిస్కు చెడింది" అని రాశాడు. నాలో మిగిలిన స్కాన్లు దించుకుని, ఇంకెవరూ చదవకుండా నాకు డ్రిల్లుతో బొక్క పెట్టాడు. నాకు రెండింతలున్న కొత్త డిస్కు బిగించి, ఆ స్కాన్లూ, అదే స్క్రిప్టూ దాని మీద పెట్టాడు.

"ముందు ఆ మైనస్ సంగతి చూడవయ్యా బాబూ!" అంది ఎస్తేరు.

"డిస్కు మార్చేశాం కదా మేడం!"

ఇప్పుడు పాత ఇనుము కుప్పలో ఉన్నాను. నా గురించి బెంగ లేదు. మీవాళ్ళ స్కాన్ ఏదైనా ఆ సెంటర్లో ఉంటే మాత్రం, రేపటిదాకా ఆగకండి. ఇవాళే వెళ్ళి కాపీ తెచ్చుకోండి.