చర్చి స్లాబు మీద పడమటి గాలి

గురజాల దగ్గరి పల్లెలో కడుతున్న చర్చికి దుర్గ సైట్ ఇంజనీరు. సొంతంగా చూసుకుంటున్న మొదటి పని ఇదే. మే నెలలో స్లాబు పోసే రోజున మబ్బు పట్టింది. మేస్త్రి ఉపేంద్రకు సంతోషమేసింది.

"ఇయ్యాల పరదాలు కట్టే పనే లేదు మేడమ్. ఎండేదీ?"

"ఎండ లేకపోయినా గాలి చూడు బాబాయ్, పడమటి నుంచి ఎట్టా కొడతందో. కట్టాల్సిందే."

"ఎండ లేకుండా కాంక్రీటులో నీళ్ళు ఏడికి పోతయ్యమ్మా?"

చర్చి ఆడవాళ్ళతో కలిసి కూలీలకు టీ పోస్తున్న ఆరోగ్యమ్మ తలెత్తింది. "ఎందుకు పోవు? గాలుంటే మబ్బు రోజు కూడా చీరలు తొందరగా ఆరతయిగా!"

ఉపేంద్ర నవ్వేసి పడమర పక్కన పరదాలు కట్టించాడు. తట్టలు ఎక్కించే మూల మాత్రం దారికోసం వదిలేశాడు.

పోయడం అయ్యాక దుర్గ చుట్టూ తిరిగి చూసింది. పరదాల చాటున కాంక్రీటు తడిగా మెరుస్తోంది. వదిలేసిన మూలలో మెరుపు పోయి పాలిపోయింది. వంగి చూస్తే వెంట్రుకల్లాంటి పగుళ్ళు.

ఉపేంద్ర మొహం వాడిపోయింది. "ఏందిది? ఇప్పుడేగా పోసింది! నీళ్ళు చల్లి రుద్దమంటారా?"

"వద్దు, పైపొర బలం పోద్ది. గాలికి పైతడే పోయింది, లోపల ఇంకా పచ్చిగానే ఉంది. ఇప్పుడే చెక్కతో గట్టిగా పామితే మూసుకుంటయి. పిన్నీ, మనోళ్ళను పిలువు!"

ఆరోగ్యమ్మ, చర్చి ఆడవాళ్ళు పైకొచ్చి పరదాను చేతుల్తో పట్టుకుని గాలికి అడ్డంగా నిలబడ్డారు. ఉపేంద్ర మోకాళ్ళ మీద కూర్చుని చెక్కతో పామాడు. చివరి గీత మాయమయ్యేదాకా దుర్గ అక్కణ్ణుంచి కదల్లేదు. తర్వాత స్లాబంతా ప్లాస్టిక్ పట్టా కప్పించి, అంచుల్లో ఇటుకలు పెట్టించింది.

మర్నాడు పొద్దున పట్టా ఎత్తితే అడుగున నీటిచుక్కలు నిండుగా ఉన్నాయి. బయటికి పోయే దారిలేక తడి అక్కడే నిలిచింది. ఉపేంద్ర ఆ మూలంతా అరచేత్తో తడిమాడు. ఎక్కడా గీత తగల్లేదు.

"గట్టిదానివే మేడమ్," అన్నాడు.

వానాకాలంలో జోరువాన పడిన ఒక ఆదివారం, ఆ స్లాబు కింద ప్రార్థన జరిగింది. చుక్క కారలేదు.

తర్వాతి ఎండాకాలం మాచర్ల నుంచి ఉపేంద్ర ఫోన్ చేశాడు. "ఇక్కడ ఎండ మండిపోతంది మేడమ్, కానీ ఆకు కదలట్లా. రేపు స్లాబు పోయొచ్చా?"

"తెల్లారగానే మొదలుపెట్టు బాబాయ్, ఎండెక్కేలోపు అయిపోవాలి. గాలి లేచిందా, పరదా లేకుండా తట్ట ఎత్తొద్దు."